బావమరిది లేని పట్టభద్రుడు

ఉపకులపతి ఆచార్య పరంజ్యోతి గారు మేనల్లుడి పెళ్ళికి వెళ్ళకుండా ఉంటే, పైడిరాజు ఈపాటికి జూనియర్ అసిస్టెంటూ అయ్యుండేవాడు, ఒక ఇంటివాడూ అయ్యుండేవాడు. కానీ పెద్దవాళ్ళ ఇళ్ళలో శుభకార్యాలు జరిగితే చిన్నవాళ్ళ ఇళ్ళలో ఆగిపోతుంటాయి. లోకంలో ఉన్నదే అది.

ఆ పెళ్ళిలో పరంజ్యోతి గారు మొదటి వరసలో కూర్చుని స్నాతకం చూశారు. వెనకటికి గురుకులంలో చదువు పూర్తిచేసిన కుర్రవాడికి స్నానం చేయించి, నాయనా, నీ బ్రహ్మచర్యం అయిపోయింది, ఇంటికెళ్ళి పెళ్ళి చేసుకో అని పంపేవారట. ఇప్పుడు ఆ తతంగాన్ని పెళ్ళికి ముందు పావుగంటలో కానిచ్చేస్తారు. అది కాగానే పెళ్ళికొడుకు గొడుగు పట్టుకుని, పావుకోళ్ళు తొడుక్కుని, ఈ సంసారం నాకెందుకు, కాశీకి పోతానని నాలుగడుగులు వేస్తాడు. పెళ్ళికూతురి అన్నో తమ్ముడో ఎదురొచ్చి, గడ్డం పట్టుకుని, బావా, కాశీ ఎక్కడికీ పోదు, మా పిల్లను చేసుకో అని, నోట్లో బెల్లం ముక్క పెట్టి వెనక్కి తెస్తాడు. ఫొటోలవాడు, "గడ్డం ఇంకోసారి పట్టుకోండి సార్, సరిగా పడలేదు" అంటాడు. అందరూ నవ్వుతారు. ఆ రోజు నవ్వనిది పరంజ్యోతి గారొక్కరే. ఆయనకు ఆలోచన వచ్చింది.

ఆయన చదివింది ఎరువుల రసాయనం. అందుచేత సంప్రదాయం మీద ఆయనకు గౌరవం ఎక్కువ, పరిచయం తక్కువ.

వారం తిరక్కుండా పాలకమండలిని పిలిచారు. "మనం ఏటేటా చేస్తున్నది స్నాతకోత్సవం. అందులో ఉత్సవం ఉంది. స్నాతకం ఎక్కడ?" అని అడిగారు. ఎవరి దగ్గరా లేదు. "పరదేశీయుడి నల్ల గౌను తొడుక్కుని కాగితం పుచ్చుకోవడమే విద్యకు పరమావధియా? బ్యాచిలర్ డిగ్రీ ఇస్తున్నాం. అంటే ఏమిటి? ఈ అభ్యర్థి బ్రహ్మచర్యం సమాప్తమైనదని విశ్వవిద్యాలయం సమాజానికి ఇస్తున్న హామీ. హామీ ఇచ్చిన మర్నాడు కూడా అతను బ్రహ్మచారిగానే సినిమా హాళ్ళ దగ్గర తిరుగుతుంటే మన ముద్రకు విలువేముంది?"

పాలకమండలి బల్లలు చరిచింది. ఆ చప్పుడుకు మెలకువ వచ్చిన సభ్యులు కూడా చరిచారు. తీర్మానం ఏకగ్రీవమైంది.

తీర్మానం సారాంశం ఇది. పట్టా పుచ్చుకోదలచిన ప్రతి పురుష అభ్యర్థీ పంచె కట్టి, గొడుగు పట్టి, పావుకోళ్ళతో సభావేదిక నుంచి ప్రధానద్వారం వరకు కాశీకి బయలుదేరవలెను. ద్వారం వద్ద కాబోయే బావమరిది వచ్చి వెనక్కి పిలిచినచో, అభ్యర్థి గృహస్థాశ్రమానికి అర్హుడని భావించి వేదిక మీద పట్టా ఇవ్వబడును. ఎవరూ పిలవనిచో బయట సిద్ధంగా ఉన్న బస్సులో రైలు స్టేషనుకు, అక్కడి నుంచి కాశీకి వెళ్ళవలెను. కాశీలో విశ్వవిద్యాలయ శిబిర కార్యాలయంలో ఆజన్మ బ్రహ్మచర్యానికి ఒప్పుకుంటూ సంతకం చేసిన పిమ్మట పట్టా అందజేయబడును. ఇదివరకే పెళ్ళయినవారు ఇదివరకే స్నాతకులు గనుక వారికి మళ్ళీ పట్టా ఇవ్వడం పునరుక్తి దోషం. స్త్రీలకు కాశీయాత్ర శాస్త్రంలో లేదు గనుక వారి పట్టాలు పోస్టులో వెళ్ళును.

ఇటో అటో తేలకుండా ఉండిపోయే వెసులుబాటు ఏదైనా కల్పిద్దామా అని ఒక సభ్యుడు నసిగాడు. "మధ్యలో నిలబడ్డానికి విశ్వవిద్యాలయం బస్టాండు కాదు" అన్నారు పరంజ్యోతి గారు. ఆ వాక్యాన్ని తరవాత గ్రంథాలయం గోడ మీద రాయించారు.

పైడిరాజు సంగతికి వద్దాం.

పైడిరాజు ఊళ్ళో సబ్ రిజిస్ట్రారాఫీసులో బంట్రోతు. వయసు నలభై ఆరు. ఎనిమిదో తరగతిలో బడి మానేశాడు. ఎందుకు మానేశావని అప్పుడు ఎవరూ అడగలేదు. వాళ్ళ పేటలో ఆ రోజుల్లో, బడికెందుకెళ్తున్నావని అడిగేవారు. ఇరవై యేళ్ళపాటు దొరలకు మంచినీళ్ళందించి, దస్తావేజులు మోసి, ఇళ్ళు అమ్ముకునేవాళ్ళనీ కొనుక్కునేవాళ్ళనీ చూసి చూసి, తనకు మాత్రం అద్దెకు ఒక సరైన ఇల్లు దొరకక, ఒకనాడు అతనికి రోషం వచ్చింది. ఏ ఇంటి ముందుకెళ్ళినా "బ్యాచిలర్లకు ఇవ్వం" అని బోర్డు. తల నెరిసినవాణ్ణి కూడా బ్యాచిలరనే అంటారు ఈ లోకంలో, అనేటప్పుడు కొంచెం ముక్కు కూడా ఎగరేస్తారు. ఆ మాటనే చదివి సంపాదించుకుంటే పేరు పక్కన రాసుకోనిస్తారని అతనికి తెలిసింది. ఓపెన్ స్కూల్లో పది, ఇంటరు కట్టి, దూరవిద్యలో బి.ఎ. చదివాడు. చరిత్రలో ఒకసారి తప్పాడు. చరిత్రలో చాలామంది తప్పారు గనుక దాన్ని మనసులో పెట్టుకోలేదు. మళ్ళీ రాసి గట్టెక్కాడు.

పట్టా వస్తే జూనియర్ అసిస్టెంటు పోస్టు. ఖాళీ ఉంది. దొర సంతకం పెడతానన్నారు. "ప్రొవిజనల్ నడవదు పైడిరాజూ, అసలు పట్టా కావాలి" అన్నారు, అంతే.

పోస్టు వస్తే వరహాలమ్మ.

వరహాలమ్మది ఆఫీసు ఎదురుగా ఇడ్లీ కొట్టు. భర్త పోయి చాలా ఏళ్ళయింది. పిల్లల్లేరు. మాట కటువు, చట్నీ అంతకన్నా కటువు. పైడిరాజుకు రెండూ ఇష్టమే. అతను పరీక్షలకు చదువుకున్నది ఆ కొట్టు బల్ల మీదే. పాఠం అప్పజెపుతుంటే పిండి రుబ్బుతూ వింటూ, "మళ్ళీ అదే రాజు సచ్చిపోనాడేటి? నిన్నే కదా సచ్చిపోనాడు" అని సరిచేసేది. ఇద్దరి మధ్యా ఉన్న సంగతి వీధికంతా తెలుసు. అడ్డం ఒక్కడే. ఆమె తమ్ముడు తవిటినాయుడు, ఆర్టీసీ కండక్టరు.

"బంట్రోతుకి మా అప్పనిచ్చీసినాననుకో," అన్నాడు ఒకరోజు టీ గ్లాసు చేత్తో పట్టుకుని, "రేపు మా డిపోల నన్నేటంతారు?"

"ఏటంతారు? టిక్కెట్లు కొట్రా ఎదవా అంతారు," అంది వరహాలమ్మ.

"నువ్వుండప్పా. పైడిరాజు బావు మంచోడే, నాను కాదన్నానేటి? కుర్సీల కూకోనీ. కూకున్న మర్నాడే సిమ్మాచెలం కొండ మీద ముడెట్టీద్దుము. అందాకా నన్నడక్కండి. నాకూ పరువుంది."

"నీ పరువు నాకు తెల్దా? నిన్ననే సిల్లర ఇవ్వనేదని ఎవుర్తో సెప్పుతీసింది గదా."

పైడిరాజు మధ్యలో పడి, "పోన్లెండి, పట్టా రేపో మాపో వచ్చీసినట్టే గదా" అన్నాడు. అప్పటికి అతనికి తీర్మానం సంగతి తెలియదు.

తెలిసింది విశ్వవిద్యాలయంలో, స్నాతక విభాగం గది ముందు. ఆ విభాగానికి కొత్తగా వేసిన సూపరింటెండెంటు పేరు కామేశం. గుమ్మానికి మామిడాకులు కట్టించుకుని, బల్ల మీద నమూనాకని ఒక జత పావుకోళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు.

"అభ్యర్థి ఆశ్రమ స్థితి?" అన్నాడు తలెత్తకుండా.

"ఏటండి?"

"పెళ్ళయిందా లేదా?"

"నేదండి."

"నిశ్చయమైందా?"

"అయినట్టేనండి. మీరిచ్చే కాయితం మీద ఆగుంది." పైడిరాజు దాపరికం లేకుండా కథంతా చెప్పాడు.

కామేశం కళ్ళు మూసుకుని విన్నాడు. "అనగా, పట్టాకు బావమరిది కావలెను. బావమరిదికి ఉద్యోగం కావలెను. ఉద్యోగానికి పట్టా కావలెను."

"అదేనండి బాబూ, సరిగ్గా సెప్పినారు."

"ఇది వృత్తం," అన్నాడు కామేశం కళ్ళు తెరిచి. "విశ్వవిద్యాలయం వృత్తాలను పరిగణించదు. వరసను మాత్రమే పరిగణిస్తుంది. వరసలో ముందు బావమరిది."

"మా ఇళ్ళల్ల పెళ్ళికి కాశీయాత్రలూ అవీ నేవండి. మా నాయిన పెళ్ళిలో కూర సాల్లేదని మొగపెళ్ళోరు అలిగి పొలిమేర దాకా ఎల్లిపోనారంట. అంతే."

"ఇంతవరకు మీకు లేదు. ఇకపై ఉంది. కులమత భేదం లేకుండా అందరినీ కాశీకి పంపవలెనని ఉపకులపతి గారి సంకల్పం. సామాజిక న్యాయం అంటే అదే." కామేశం పావుకోళ్ళను ముందుకు జరిపాడు. "కొలత చూసుకోండి. పెద్దవైనా చిన్నవైనా ఇవే. టెండరులో ఒకే సైజు వచ్చింది."

బయటికొచ్చేసరికి ఊళ్ళో అప్పుడే వ్యాపారం మొదలైంది. ప్రధానద్వారం దగ్గర ఆటోస్టాండులో ఆటోలు ఎక్కేవాళ్ళు లేరు గాని, ఆటోవాళ్ళకు మాత్రం ఊపిరాడడం లేదు. "బావా అని పిలిస్తే ఒక ధర, గడ్డం పట్టుకుంటే ఇంకో ధర, ఏడవమంటే మాట్లాడుకుందాం" అని ఒకడు పైడిరాజు చెయ్యి పట్టుకున్నాడు. అది విశ్వవిద్యాలయం చెవిన పడి, నకిలీ బావమరుదుల నిరోధక దళం అని ఒకటి జీపుల్లో తిరగసాగింది. బావమరిది వచ్చినచో సోదరి ఫొటో చూపవలెను, ముక్కు చెవులు పోలి ఉండవలెను అని ఇంకో ఉత్తర్వు వచ్చింది. పోలిక తేల్చడానికి జంతుశాస్త్రం వారిని వేశారు. భౌతికశాస్త్రం కుర్రాడొకడు అద్దెకు పెట్టుకున్న బావమరిది, దళం అడిగేసరికి, నిజంగానే అక్కనూ, అమ్మనూ, మేళగాళ్ళనూ తెచ్చి నిలబెట్టాడు. ఆ కుర్రాడు భయపడి, పట్టా రోజు దాకా ఆగకుండా తన ఖర్చు మీద తానే కాశీ వెళ్ళిపోయాడు. ఉపకులపతి గారు అతన్ని ఆదర్శ స్నాతకుడిగా ప్రకటించారు.

పైడిరాజు అద్దె జోలికి పోలేదు. ఉన్న బావమరిదినే బతిమాలుకున్నాడు.

"ఉత్తుత్తికే పిలవరా నాయినా. పట్టా సేతికొస్తే పోస్టొస్తాది. పోస్టొస్తే నువ్వనుకున్నట్టే అవుతాది."

"మైకుల పిలిసినాక ఉత్తుత్తేటి బావూ?" అన్నాడు తవిటినాయుడు. "ఊరంతా ఇంటాది. రేపు నీకు పోస్టు రాకపోతే? నాను బంట్రోతుకి మాటిచ్చీసినట్టే కదా. ముందు కాయితం సూపించు. అప్పుడు పిలవమంటే డిపో కాడ్నించి పిలుస్తాను."

"ముందు పిలిస్తేనే గదా కాయితం."

"నాకు తెల్దు. మా ఆర్టీసీలో కూడా ముందు టిక్కెట్టు, తరవాతే సీటు."

స్నాతకోత్సవం రోజు ఎండ పెళపెళలాడింది. వేదిక మీద ఉపకులపతి గారు పట్టుబట్టల్లో ఉన్నారు. కింద మైదానం నిండా గొడుగులు. గొడుగు మీద విశ్వవిద్యాలయ చిహ్నం, దాని పక్కన ఉపకులపతి గారి ఫొటో. పంచెలు కట్టడం రాని ఇంజనీరింగు పిల్లలు వాటిని బెల్టుతో బిగించుకున్నారు. పావుకోళ్ళు కొందరికి బొటనవేలి దగ్గర, కొందరికి మడమ దగ్గర అందలేదు. పట్టభద్రులందరూ కాలు విరిగిన కొంగల్లా టక్కుటక్కున వరసగా ద్వారం వైపు నడిచారు. వెనక నాదస్వరం.

ద్వారం దగ్గర కామేశం మైకు పట్టుకుని నిలబడ్డాడు. కోర్టులో జవాను పిలిచినట్టు పిలుస్తున్నాడు. "వాణిజ్యశాస్త్ర పట్టభద్రుడు ఫలానావారు కాశీకి బయలుదేరారు. బావమరిది ఉన్నచో మూడు పిలుపులలోగా ముందుకు రావలెను. ఒకటో పిలుపు..." వచ్చినవాళ్ళు గడ్డాలు పట్టుకున్నారు. జంతుశాస్త్రం వారు ముక్కులు కొలిచారు. నెగ్గినవాడు వెనక్కి, నెగ్గనివాడు బస్సులోకి. బస్సులోవాళ్ళ తల్లులు కిటికీల కింద నిలబడి ఏడుస్తున్నారు. ఒకామె మాత్రం, "అక్కడ చలేస్తాది బాబూ, సెట్టరేసుకో" అంటూ చలికాలం దాకా ఆలోచించేసింది.

పైడిరాజు వంతు వచ్చింది.

"కళాశాస్త్ర పట్టభద్రుడు పైడిరాజు గారు కాశీకి బయలుదేరారు. ఒకటో పిలుపు."

తవిటినాయుడు వచ్చాడు. రాకపోతే బాగుండేది. ఖాకీ బట్టల్లోనే డ్యూటీ మధ్యలోంచి వచ్చి, గేటు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

"తమరు బావమరిదియా?" అన్నాడు కామేశం.

"ఇంకా అవ్వనేదండి. కాయితం ఇచ్చీండి, అయిపోతాను."

"మీరు అయితేనే కాగితం."

"కాయితం వస్తేనే అవుతాను."

"రెండో పిలుపు."

వెనక వరసలో గొడుగులు ఒకదానికొకటి గుచ్చుకుంటున్నాయి. ఎవరో, "ఓ కండక్టరుగారూ, రైటు రైటు అనీండి, బండి కదల్తాది!" అని అరిచారు. జనం గొల్లుమన్నారు. తవిటినాయుడి మొహం కందగడ్డయింది గాని, స్తంభం వదల్లేదు.

అప్పుడు జనాన్ని మోచేతులతో తోసుకుంటూ వరహాలమ్మ వచ్చింది. కొట్టు మూయకుండా వచ్చినట్టుంది, చేతికి పిండి ఇంకా ఉంది. రెండో చేతిలో బెల్లం ముక్క.

"లెగరా తవిటీ పక్కకి," అంది. "నీ పరువు డిపోల దాసుకో."

పైడిరాజు ఎదుట నిలబడింది. మైకు ఆమెకు అక్కర్లేకపోయింది.

"ఇదిగో, మిమ్మల్నే. కాశీ నేదు గీశీ నేదు. ఇంటికి రండి. పట్టా రాకపోతే పోనీండి, కుర్సీ రాకపోతే పోనీండి. మీరు నిల్సుంటే నాకేటి, కూకుంటే నాకేటి? నా కొట్టు ఇద్దరికి సాలదేటి? రండి."

బెల్లం ముక్క అతని నోటి దగ్గర పెట్టింది.  నాదస్వరం వాయించే ఆయన గాలి లోపలే పెట్టుకున్నాడు.

పైడిరాజు చెయ్యవలసింది నోరు తెరవడం. అంతకన్నా ఏమీ లేదు. గొడుగు అక్కడ పడేసి, పావుకోళ్ళు విడిచేసి, బెల్లం చప్పరించుకుంటూ ఆమె వెనక నడిచిపోతే, ఏ కమిటీ అతన్ని ఆపగలిగేది కాదు. కానీ పాతికేళ్ళు ఆఫీసులో బతికినవాడు. ఫ్యాను వేయాలన్నా, కిటికీ తెరవాలన్నా, ఇంటికి పోవాలన్నా, ఒకరి మొహం చూసి అడిగి చేసినవాడు. మెడ దానంతటదే కామేశం వైపు తిరిగింది. నోరు తెరుచుకుంది గాని, బెల్లం కోసం కాదు.

"అయ్యా," అన్నాడు, "రూలు పెకారం ఆడోళ్ళు పిలవొచ్చాండి?"

కామేశం మొహం వెలిగిపోయింది. ఉదయం నుంచి గడ్డాలు, ముక్కులు, ఏడుపులే తప్ప విద్యాసంబంధమైన ప్రశ్న ఒక్కటీ రాలేదు. "చక్కని సందేహం," అన్నాడు. పుస్తకం తెరిచాడు. వేలితో గీతగీతనా చదివాడు. "బావమరిది అని ఉన్నది. వధువు అని లేదు. కూడదు అని కూడా లేదు. విధీ కాదు, నిషేధమూ కాదు. దీన్ని కమిటీకి నివేదించవలసి ఉన్నది. అంతవరకు అభ్యర్థి యాత్ర కొనసాగించవచ్చును. మూడో పిలుపు."

వరహాలమ్మ చెయ్యి ఇంకొంచెంసేపు అక్కడే ఉంది. తరవాత ఆ బెల్లం ముక్క తన నోట్లోనే వేసుకుంది. పటుక్కున కొరికింది.

"తవిటీ, పద. పిండి పులిసిపోతాది," అని వెనక్కి తిరిగింది.

తవిటినాయుడు కదల్లేదు. పైడిరాజు కేసి చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపులో ఎప్పుడూ ఉండే ఎత్తిపొడుపు లేదు. "ఒక్కపాలి నోరు తెరిస్తే అయిపోయీది గదా, బావా," అన్నాడు మెల్లగా. అతను బావా అనడం అదే మొదటిసారి.

ఆ మాట మైకులో పడలేదు. మైకులో పడని మాట విశ్వవిద్యాలయానికి చెల్లదు. పైడిరాజు బస్సెక్కాడు.

కాశీలో శిబిర కార్యాలయం ఒక ధర్మసత్రం వరండాలో పెట్టారు. చేరిన మర్నాడు పొద్దున్నే సంతకాలు మొదలయ్యాయి. పట్టభద్రులు చాపల మీద కూర్చుని వంతు కోసం చూస్తున్నారు. కొందరు గుండ్లు కొట్టించుకున్నారు, ఎటూ తప్పదని. పైడిరాజు వంతు ఇంకా రాలేదు. అంతలో శిబిరం గుమాస్తా ఫోను చూసుకుంటూ వచ్చి, "మీరేనా పైడిరాజు? మీకో ఉత్తర్వు" అని చదివాడు.

కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. విషయాన్ని అన్ని కోణాల నుంచీ కూలంకషంగా పరిశీలించింది. బావమరిది లేనప్పుడు, లేదా ఉండి కూడా లేనట్టు ప్రవర్తించినప్పుడు, కాబోయే వధువు తానే అభ్యర్థిని పిలవవచ్చునని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఇంతవరకు సంతకం చేయనివారికి ఇది వర్తించును. ఫోనులో పిలిచినను చాలును. ఇంత సూక్ష్మమైన సందేహాన్ని సకాలంలో లేవనెత్తిన అభ్యర్థిని కమిటీ మనసారా అభినందించుచున్నది.

చాపల మీద ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. పైడిరాజు ఘాటు మెట్ల మీదికి పరుగెత్తి ఫోను చేశాడు. చాలాసేపు మోగాక ఆమె ఎత్తింది.

"ఆర్డరొచ్చింది," అన్నాడు ఆయాసపడుతూ. "ఆడోళ్ళు కూడా పిలవొచ్చంట. కమిటీ మొత్తం ఒప్పుకున్నాది. ఫోన్ల పిలిసినా సాలంట. నన్ను అభినందించినారు కూడాను."

అటువైపు పెనం మీద అట్టు పడి చుయ్యిమన్న చప్పుడు. ఎవరో కారప్పొడి అడుగుతున్నారు.

"పిలవొచ్చని ఉందా, పిలవాలని ఉందా?" అంది వరహాలమ్మ.

పైడిరాజు ఆలోచించాడు. అబద్ధం చెప్పొచ్చు. కానీ ఉత్తర్వు ఉత్తర్వే.

"పిలవొచ్చని ఉంది."

"మరింకేటి? సదూకున్నోరు. మీకు నాను సెప్పాలేటి," అంది. తరవాతి మాట అతనితో కాదు. "బాబూ, నీవి రెండట్లేనా, ఇంకోటెయ్యనా?"

ఫోను ఆగిపోయింది. కింద గంగలో ఎవరో మునిగి లేస్తున్నారు. పైడిరాజు ఫోను చేతిలో పట్టుకుని, మళ్ళీ మోగుతుందేమోనని కాసేపు చూశాడు. వరండాలోంచి గుమాస్తా, "పైడిరాజు, బి.ఎ.!" అని కేకవేశాడు.

పిలిచారు గదా అని, లోపలికి వెళ్ళాడు.